కారు లేని వాళ్ళ నగరం

తెలంగాణ ప్రభుత్వం పేదల కోసం కట్టించిన డబుల్ బెడ్‌రూమ్ ఇంటి విస్తీర్ణం 560 చదరపు అడుగులు. రెండు పడక గదులు, హాలు, వంటిల్లు, బాత్‌రూములు అన్నీ ఆ కొలతలోనే సర్దుకోవాలి. సెల్లారులో ఒక కారు నిలబడడానికి, మలుపు తిరిగి లోపలికొచ్చి మళ్ళీ బయటపడడానికి దారితో కలిపి ఎంత జాగా కావాలో ఢిల్లీ మాస్టర్ ప్లాన్ లెక్కగట్టింది. ఆ లెక్క 32 చదరపు మీటర్లు, అంటే సుమారు 345 చదరపు అడుగులు. కారుకు ఒక్క చోటు సరిపోదు. రాత్రి ఇంటి దగ్గర ఒకటి, పగలు ఆఫీసు దగ్గర ఒకటి కావాలి. రెండూ కలిపితే 690. రోజులో ఎక్కువ భాగం కదలకుండా పడి ఉండే ఒక యంత్రం ఒక కుటుంబం బతికే ఇంటికన్నా ఎక్కువ నేల తింటోంది.

ఆ నేలను ఎవరూ దొంగతనంగా తీసుకోలేదు. చట్టమే ఇచ్చింది. అపార్ట్‌మెంటు కట్టినా, ఆసుపత్రి కట్టినా, కల్యాణమండపం కట్టినా ఇంత శాతం పార్కింగ్ వదలాల్సిందేనని భవన నిర్మాణ నియమాలు చెబుతాయి. వదలకపోతే అనుమతి రాదు. అదే భవనం ముందు బస్సు కోసం నిలబడేవాడి నెత్తిన నీడ ఉండాలని మాత్రం ఆ నియమాలు పట్టుబట్టవు. 2018లో తెలంగాణ ప్రభుత్వం ఇంకో మెట్టెక్కింది. మాల్స్‌లో, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట పార్కింగ్ ఉచితం చేసింది. గంట లోపయితే ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే చాలంది. పార్కింగ్ పేరిట దోచుకుంటున్నారన్న జనం మొర విని ఇచ్చిన ఉత్తర్వు అది, అందరూ మెచ్చుకున్నారు. అదే మాల్‌కు బస్సులో వచ్చి అదే చొక్కా కొన్నవాడికి టికెట్ డబ్బులు వాపసు ఇవ్వాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ తట్టలేదు.

నగరంలో కార్ల వాడకం తగ్గించడం గురించి మాట్లాడేవాళ్ళు సాధారణంగా కారున్నవాడి దగ్గర మొదలుపెడతారు. అతనికి పర్యావరణం గురించి చెప్పాలి, కార్‌పూలింగ్ నేర్పాలి, వారానికొక రోజు కారు ఇంట్లో వదిలేలా ఒప్పించాలి అంటారు. ఈ ఉపన్యాసం మొదలుపెట్టే చోటు వేరు. భారతీయ నగరంలో కారు వాడని వాళ్ళే ఎక్కువ. పనికి ఎలా వెళతారని 2011 జనాభా లెక్కల్లో అడిగితే, దేశం మొత్తం మీద కారులో వెళ్ళేవాళ్ళకన్నా నడిచి వెళ్ళేవాళ్ళు ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. సైకిల్ తొక్కేవాళ్ళూ కారువాళ్ళకన్నా చాలా ఎక్కువే. పాశ్చాత్య నగరాలు కోట్లు పోసి తిరిగి తెచ్చుకోవాలని చూస్తున్న జనం ఇక్కడ ఇంకా బస్టాపులోనే నిలబడి ఉన్నారు. వాళ్ళు విసుగెత్తి వెళ్ళిపోకుండా చూసుకోవడమే అసలు పని. ఈ ఉపన్యాసం వినడానికి వచ్చినవాళ్ళలో ఎందరు బస్సు దిగి వచ్చారని అడగడం మర్యాద కాదు కాబట్టి ఆ ప్రశ్న వదిలేయడమే మేలు.

ఈ దేశంలో ఈ వాదాన్ని ఎక్కువ కాలం, ఎక్కువ మొండిగా వినిపించిన మనిషి దినేశ్ మోహన్. 2021 మే నెలలో కొవిడ్‌తో కన్నుమూసిన ఈ ఐఐటీ ఢిల్లీ ఆచార్యుడు చదివింది ఇంజనీరింగే అయినా, ఆయన దృష్టి యంత్రం మీద కన్నా దాని కింద పడే శరీరం మీద ఉండేది. గడ్డి కోసే యంత్రంలో చేతులు పోగొట్టుకునే రైతుల దగ్గర్నుంచి హెల్మెట్ లేని బండివాడి వరకూ అందరి గాయాలూ ఆయన పరిశోధనలో చేరాయి. మెట్రో రైళ్ళ మీద దేశమంతా మోజు పడుతున్న 2008లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వ్యాసం రాసి, అంత ఖర్చుతో అంత కొద్దిమందికి చేసే మేలుకన్నా బస్సులు బాగుచేస్తే వచ్చే మేలు పెద్దదని వాదించాడు. ఈ ఉపన్యాసం ఆయన స్మృతికి.

ఆయన వాదం రోడ్డెక్కిన సంవత్సరం కూడా 2008 కావడం విశేషం. ఢిల్లీలో అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల రోడ్డును దినేశ్ మోహన్, గీతం తివారీ ఉన్న ఐఐటీ బృందం సలహాతో కొత్తగా గీశారు. రోడ్డు మధ్యలో బస్సులకు మాత్రమే దారి, దాని పక్కన మిగతా వాహనాలకు దారి, ఎడమ అంచున సైకిళ్ళకు వేరే బాట, ఆపైన ఫుట్‌పాత్. రోడ్డు వెడల్పును వాహనాల సంఖ్యను బట్టి కాక మనుషుల సంఖ్యను బట్టి పంచడం ఇందులోని సూత్రం. 2006లో కేంద్రం ప్రకటించిన జాతీయ నగర రవాణా విధానం అడిగిందీ సరిగ్గా ఇదే.

ఏప్రిల్‌లో ట్రయల్ మొదలైన రోజు నుంచే గోల మొదలైంది. సిగ్నళ్ళ దగ్గర కార్ల వరస పెరిగింది. పక్కన ఖాళీగా కనిపిస్తున్న బస్సు దారిని చూస్తూ ఇంజను ఆపి కూర్చోవాల్సిన కారువాడి కోపం టీవీ కెమెరాలకు ఎక్కింది. ఇక్కడొక కంటి మోసం ఉంది. బాగా నడిచే బస్సు దారి ఎప్పుడు చూసినా ఖాళీగానే కనిపిస్తుంది. నిమిషానికొక బస్సు వెళ్ళిపోయినా మధ్యలో మిగిలేది తారు రోడ్డే. జామైన దారి మాత్రం నిండుగా, ‘వాడకంలో’ ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ ఒక్క బస్సులో అరవై మంది వెళ్ళిపోయారన్నది కారు అద్దంలోంచి చూసేవాడికి తెలియదు.

విషయం కోర్టుకెక్కింది. బస్సు దారిలో అన్ని వాహనాలనూ వదలాలని ఒక స్వచ్ఛంద సంస్థ పిటిషన్ వేసింది. 2012 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. న్యాయస్థానంలో గెలిచిన ఆ రోడ్డు రాజకీయంలో ఓడిపోయింది. 2015లో దాన్ని తీసేయాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది, 2016లో కూల్చేశారు. నమూనాలో లోపాలు లేకపోలేదు. సిగ్నళ్ళు మారడానికి పట్టే సమయం మరీ ఎక్కువ, నడిరోడ్డు మీది స్టాపుకు చేరడం ప్రయాణికుడికి కష్టం. అవి సరిదిద్దుకోదగ్గవి. సరిదిద్దలేకపోయింది ఒక్కటే. ఆ దారి వల్ల లాభపడిన బస్సు ప్రయాణికుడికి టీవీ స్టూడియోలో కుర్చీ లేదు, నష్టపోయిన కారువాడికి ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇదే కథ చడీచప్పుడూ లేకుండా ముగిసింది. జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకం కింద విజయవాడకు, విశాఖపట్నానికి బస్సులకు ప్రత్యేక దారి ఉండే బీఆర్టీఎస్ కారిడార్లు మంజూరయ్యాయి. విశాఖలో పెందుర్తి వైపు ఒకటి, సింహాచలం వైపు ఒకటి. రోడ్లు వెడల్పయ్యాయి, మధ్యలో గీతలు పడ్డాయి. బస్సుకు మాత్రమే అన్న మాట మాత్రం ఎక్కడా నిలబడలేదు. ఇవాళ బెజవాడలో ఆటో ఎక్కి బీఆర్టీఎస్ రోడ్డు అంటే డ్రైవరు సరిగ్గా తీసుకెళ్ళి దింపుతాడు. అక్కడ కార్లుంటాయి, బండ్లుంటాయి, తోపుడు బళ్ళుంటాయి. బస్సూ ఉంటుంది, వాటన్నిటి మధ్యా ఇరుక్కుని. ఢిల్లీలో కనీసం పోట్లాట జరిగింది. ఇక్కడ పోట్లాట కూడా లేకుండానే దారి చేతులు మారింది.

హైదరాబాదు సంగతి ఇంకాస్త వివరంగా చూడాలి. బస్సు విషయంలో ఈ నగరానికి ఉన్న పాతకాపుతనం దేశంలో తక్కువ చోట్ల కనిపిస్తుంది. 1932 జూన్‌లో నిజాం ప్రభుత్వ రైల్వే శాఖలో భాగంగా 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా విభాగం మొదలైంది. రైలూ బస్సూ ఒకే గొడుగు కింద ఉండాలన్న ఆలోచన ఆనాడే ఆచరణలో ఉంది. ఇవాళ మెట్రో, ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ళు, ఆర్టీసీ మూడూ మూడు దారులుగా నడుస్తున్న తీరు చూస్తే ఆ సంగతి నమ్మబుద్ధి కాదు. ఆర్టీసీ బస్సుల నంబర్లలోని ‘జెడ్’ అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని చెప్పుకుంటారు. 1958లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ప్రపంచంలోనే అతి పెద్ద బస్సు సంస్థగా గిన్నిస్ పుస్తకానికెక్కింది.

అంత గొప్ప వారసత్వం ఉన్న నగరంలో ఇవాళ బస్సులెన్ని? కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ప్రమాణం ప్రకారం మంచి సేవ అనిపించుకోవాలంటే లక్ష జనాభాకు 60 బస్సులుండాలి. కోటి దాటిన హైదరాబాదుకు ఆ లెక్కన ఆరు వేలకు పైనే కావాలి. ఉన్నవి మూడు వేలకు అటూఇటూ. బెంగళూరులో ఆరు వేలకు పైగా ఉన్నాయి. 2019లో 52 రోజుల సమ్మె ముగిశాక నష్టాల పేరు చెప్పి నగరంలో వందల బస్సులను తగ్గించారు. జనం పెరుగుతున్న నగరంలో బస్సులు తగ్గితే ఏమవుతుందో చెప్పడానికి నిపుణుడు అక్కర్లేదు, సాయంత్రం కొండాపూర్ వైపు ఒక బస్టాపులో నిలబడితే చాలు.

బస్‌బేలో బస్సు తప్ప అన్నీ ఉంటాయి. రెండు షేర్ ఆటోలు, ఒక పానీపూరీ బండి, యాప్‌లో తర్వాతి బుకింగ్ కోసం ఫోన్ చూసుకుంటూ నలుగురు బైక్ ట్యాక్సీ కుర్రాళ్ళు. సికింద్రాబాద్ వెళ్ళే 10హెచ్ వస్తే అది స్టాపులో ఆగలేక రోడ్డు మధ్యకు కాస్త ఇవతల ఆగుతుంది. జనం బండ్ల మధ్య నుంచి పరిగెత్తాలి. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో, టిఫిన్ బాక్సు సంచి ఇంకో చేత్తో పట్టుకున్న ఆవిడ ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టేలోపే వెనకనుంచి హారన్ మోగుతుంది. లోపల కండక్టరు ‘జరగండమ్మా లోపలికి, ఇంకా జాగా ఉంది’ అని అరుస్తూ టికెట్ మిషన్ తలపైకెత్తి పట్టుకుంటాడు. జాగా ఉండదు. దిగాల్సిన ముసలాయన ఒక స్టాపు ముందే లేచి తోసుకుంటూ రావాలి, లేదంటే ఒక స్టాపు తర్వాత దిగాలి.

ఆ తొక్కిడిలో కొంతకాలం నలిగిన పాతికేళ్ళ కుర్రాడు ఏం చేస్తాడు? మొదట షేర్ ఆటోకు మారతాడు. ఉద్యోగం కుదురుకోగానే ఈఎంఐ మీద బండి కొంటాడు. పెళ్ళయి పిల్ల పుట్టాక వానలో ముగ్గురూ బండి మీద తడిసిన ఒక్క సాయంత్రం చాలు, సెకండ్ హ్యాండ్ కారు కోసం ఫోనులో వెతకడానికి. దీన్ని హోదా మోజు అని తీసిపారేయడం అన్యాయం. అతను ఎక్కిన ప్రతి మెట్టూ అంతకు ముందు మెట్టు విరిగిపోయి ఉన్నందువల్ల ఎక్కిందే. కారును తగ్గించడం అంటే ఆ కుర్రాడిని మొదటి మెట్టు దగ్గరే నిలబెట్టుకోవడం. షోరూమ్ నుంచి బయటికొచ్చినవాడికి ఉపన్యాసం ఇస్తే వినడు.

ఈ లెక్కలో చూస్తే గత కొన్నేళ్ళలో తెలుగు నేల మీద జరిగిన అతి పెద్ద రవాణా ప్రయోగం ఏ మెట్రో కాదు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మొదలైన మహాలక్ష్మి పథకం. మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరిట అదే వచ్చింది. ఢిల్లీ, తమిళనాడు, కర్ణాటక అంతకు ముందే ఆ దారి పట్టాయి. కండక్టరు జీరో టికెట్ కొడతాడు, ఆ లెక్కన ప్రభుత్వం సంస్థకు డబ్బు కడుతుంది.

దీని మీద వచ్చినన్ని జోకులు ఈ మధ్యకాలంలో ఏ పథకం మీదా రాలేదు. పనీపాటా లేక తిరుగుతున్నారని ఒకరు, సీటు కోసం జుట్లు పట్టుకుంటున్నారని వీడియోలు పెట్టేవారు ఇంకొకరు. మగవాళ్ళు సొంత బండి మీద పనీపాటా లేకుండా తిరిగితే దాన్ని లాంగ్ డ్రైవ్ అంటారు, వీడియో తీసి ఎగతాళి చేయరు. దేశమంతటా నడకమీదా బస్సుమీదా మగవాళ్ళకన్నా ఆడవాళ్ళే ఎక్కువగా ఆధారపడతారు. వాళ్ళ ప్రయాణాలు కూడా ఇంటినుంచి ఆఫీసుకు గీసిన ఒక్క గీత కాదు. బడి, మార్కెట్, ఆసుపత్రి, అమ్మగారిల్లు అంటూ ముక్కలు ముక్కలుగా ఉంటాయి. ముక్కముక్కకూ టికెట్ కొనాల్సి వస్తే ఖర్చు పెరిగేది వాళ్ళకే. ఆ ఖర్చు పోయింది. పథకంలో లోటు వేరే చోట ఉంది. ప్రయాణికులు ఒక్కసారిగా పెరిగారు, బస్సులు ఆ వేగంతో పెరగలేదు. ఆడవాళ్ళను బస్సులో నిలబెట్టుకునే ప్రయత్నంలో టికెట్ కొనే మగవాణ్ని, చదువుకునే కుర్రాణ్ని ఫుట్‌బోర్డు మీదికి, అక్కణ్నుంచి బండి షోరూముకు నెట్టేస్తే సగం లాభం అక్కడే పోతుంది.

మెట్రో గురించి దినేశ్ మోహన్‌తో పూర్తిగా ఏకీభవించనక్కర్లేదు. 2017 నవంబరులో మియాపూర్‌లో మొదలై 2020 ఫిబ్రవరిలో జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గంతో 69 కిలోమీటర్లకు చేరిన హైదరాబాదు మెట్రో లేకపోతే అమీర్‌పేట ఇవాళ ఎలా ఉండేదో ఊహించడం కష్టం. ఆయన హెచ్చరిక నిజమైన చోటు స్టేషన్ మెట్ల కింద ఉంది. ఏసీ బోగీలోంచి దిగినవాడు చాలా స్టేషన్ల దగ్గర ఫుట్‌పాత్ మీద కాక నేరుగా ట్రాఫిక్‌లోకి దిగుతాడు. ఫుట్‌పాత్ ఉన్నా మెట్ల పునాదే దాన్ని మింగేసి ఉంటుంది. 2025 మేలో ఛార్జీలు సవరించాక గరిష్ఠ టికెట్ 60 నుంచి 69 రూపాయలైంది. ఇద్దరు కలిసి బండి మీద వెళితే ఇద్దరి టికెట్ల డబ్బులో సగానికే పెట్రోలు వస్తుంది. 2003లో మొదలైన ఎంఎంటీఎస్ అంతకన్నా చవక, కానీ తర్వాతి రైలు ఎప్పుడన్నది ప్లాట్‌ఫాం మీద నిలబడ్డవాడి ఓపికకు పరీక్ష.

జనాన్ని తరలించడానికి నగరం ఈలోగా పెద్ద ఎత్తున కట్టింది ఫ్లైఓవర్లను. రోడ్డు పెంచితే కొన్నాళ్ళు హాయిగా ఉంటుంది, ఆ హాయిని చూసి కొత్త కార్లు వస్తాయి, మళ్ళీ మొదటికే వస్తుంది. అమెరికాలోని హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవేను 2008 నాటికి కొన్ని చోట్ల 26 వరసలకు పెంచారు. కొద్ది సంవత్సరాల్లోనే రద్దీ వేళ ప్రయాణ సమయం మళ్ళీ పెరిగింది. హైదరాబాదుకు 26 వరసలు పట్టే చోటు ఎలాగూ లేదు. అందుకే ఇక్కడ రోడ్డు పక్కకు కాక పైకి పెరుగుతోంది.

పైకి పెరిగిన రోడ్డు కింద నడిచేవాళ్ళుంటారన్న సంగతి 2019 నవంబరులో నగరం భయంకరంగా తెలుసుకుంది. గచ్చిబౌలి దగ్గర బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ ఆ నెల మొదటి వారంలో ప్రారంభమైంది. మూడు వారాలు తిరక్కుండానే ఒక కారు మితిమీరిన వేగంతో గోడ దాటి గాల్లోకి లేచి కింద పడింది. కింద రోడ్డు పక్కన నిలబడి ఉన్న ఒక మహిళ చనిపోయింది. కారు నడిపినవాడు బతికాడు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే వారిలో 32,825 మంది పాదచారులు. దినేశ్ మోహన్ బతికుంటే వాటిని ప్రమాదాలనడానికి కూడా ఒప్పుకునేవాడు కాదేమో. వేగానికి గీసిన రోడ్డు మీద మనిషిని నడిపిస్తే జరిగేదేమిటో ముందే తెలిసిన విషయం.

మరి బస్సులు పెంచితే చాలా? ఇక్కడ స్టాక్‌హోం అనుభవం చేదుగా ఉన్నా వినదగ్గది. స్వీడన్ రాజధాని 2006 జనవరి 3 నుంచి జూలై 31 వరకు ఒక ప్రయోగం చేసింది. నగర కేంద్రంలోకి వచ్చే, బయటికెళ్ళే కార్ల దగ్గర పగటి వేళను బట్టి 10 నుంచి 20 క్రోనర్ల దాకా రుసుము తీసుకుంది. దానికి ముందే, 2005 ఆగస్టులో, దాదాపు 200 కొత్త బస్సులు దించింది. ఆ బస్సులు వచ్చినందువల్ల మాత్రమే తగ్గిన కార్లు చెప్పుకోదగ్గన్ని లేవు. రుసుము మొదలైన రోజు నుంచి సరిహద్దు దాటే వాహనాల్లో ఐదో వంతు మాయమైంది. ప్రయోగం ముగిసి రుసుము ఆపేయగానే కార్లు తిరిగొచ్చాయి. సెప్టెంబరులో ఓటింగ్ పెడితే నగరవాసులు స్వల్ప మెజారిటీతో కావాలన్నారు. 2007 ఆగస్టు నుంచి అది శాశ్వతమైంది.

ఈ ప్రయోగాన్ని దగ్గరనుంచి చూసిన రవాణా శాస్త్రవేత్త యోనాస్ ఎలియాసన్ చెప్పిన సంగతుల్లో నవ్వు తెప్పించేది ఒకటుంది. మాయమైన ఆ ఐదో వంతు డ్రైవర్ల కోసం వెతికితే, తాము అలవాటు మార్చుకున్నామని చెప్పినవాళ్ళు పెద్దగా దొరకలేదు. మొదట మూడొంతుల్లో రెండొంతుల మంది వ్యతిరేకించిన రుసుముకు ఐదేళ్ళలో 70 శాతం దాకా మద్దతు వచ్చింది. మనసు మార్చుకున్నారా అని అడిగితే చాలామంది తాము మొదట్నుంచీ దీనికి అనుకూలమేనన్నారు. జనాన్ని ముందు ఒప్పించి తర్వాత పని మొదలుపెడతామనే నాయకులు ఈ ముక్క గమనించాలి. అక్కడ ఒప్పుదల పని తర్వాత వచ్చింది.

హైదరాబాదుకు ఐరోపా పోలిక నప్పదనేవాళ్ళు సియోల్ చూడవచ్చు. 2002లో మేయరైన లీ మ్యుంగ్-బాక్ పర్యావరణవాది కాదు, ఒకప్పుడు హ్యుందాయ్ నిర్మాణ సంస్థ అధినేత. తర్వాత దేశాధ్యక్షుడై, ఆ తర్వాత అవినీతి కేసులో జైలుకెళ్ళిన మనిషి. అతన్ని ఆదర్శంగా చూపడం ఉద్దేశం కాదు. నగర కేంద్రంలో చొంగ్యేచొన్ అనే వాగును కాంక్రీటుతో కప్పేసి, దాని మీద కట్టిన ఎత్తైన రహదారి మీద రోజుకు లక్షకు పైగా వాహనాలు తిరిగేవి. 2003 జూలైలో అతను దాన్ని కూల్చడం మొదలుపెట్టాడు. 2005 అక్టోబరుకు 5.8 కిలోమీటర్ల మేర వాగు మళ్ళీ బయటపడింది. ఢిల్లీలో కూలిన బస్సు దారి పొడవూ ఇంతేనన్నది కాకతాళీయం.

వాగు ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. దాని వెనక నడిచిన అసలు పని అంత అందంగా ఉండదు కాబట్టి ఎవరూ ఫొటో తీయరు. 2004 జూలై 1న సియోల్ తన బస్సు వ్యవస్థను ఒక్కరోజులో మార్చేసింది. అంతకు ముందు ప్రైవేటు కంపెనీల బస్సులు ఎక్కించుకున్న ప్రయాణికుల సంఖ్యను బట్టి సంపాదించేవి కాబట్టి ఒకదాన్నొకటి దాటుకుంటూ పరుగులు తీసేవి. కొత్త పద్ధతిలో నగరం వాటికి తిరిగిన కిలోమీటర్లకు డబ్బు కట్టింది, మార్గాలూ వేళలూ తన చేతిలోకి తీసుకుంది. పెద్ద రోడ్ల నడుమ బస్సు దారులు వేసింది. ఒకే కార్డుతో బస్సు దిగి మెట్రో ఎక్కితే కొత్త టికెట్ అక్కర్లేదు, మొత్తం దూరానికే ఛార్జీ. మొదటి రోజుల్లో కార్డు మిషన్లు పనిచేయలేదు, కొత్త నంబర్లు జనానికి అర్థం కాలేదు. మేయరు క్షమాపణ చెప్పాడు కానీ వెనక్కి తీసుకోలేదు.

ఆ కార్డు సంగతి హైదరాబాదుకు ముఖ్యం. కోఠిలో బస్సెక్కి అమీర్‌పేటలో మెట్రో పట్టుకుని రాయదుర్గంలో దిగి ఆటో ఎక్కేవాడు మూడు సార్లు మూడు కనీస ఛార్జీలు కడతాడు. మారిన ప్రతిసారీ అతనికి జరిమానా వేసినట్టే. బండిమీద వెళ్ళేవాడికి ఆ బెడద లేదు.

కాబట్టి ఎక్కడ మొదలుపెట్టాలి? నగరమంతా ఒకేసారి కాదు. పటాన్‌చెరు–కోఠి 218 లాంటి ఒక్క మార్గం తీసుకుని రద్దీ వేళల్లో బస్సుకు ఒక వరస వదలాలి. బేలో ఆటో ఆగకుండా చూడాలి. 2022 అక్టోబరులో నగర ట్రాఫిక్ పోలీసులు ‘ఆపరేషన్ రోప్’ పేరుతో స్టాప్‌లైన్ దాటితే, ఫుట్‌పాత్ మీద బండి పెడితే జరిమానాలు మొదలుపెట్టినప్పుడు కొద్దివారాల్లోనే సిగ్నళ్ళ దగ్గర తేడా కనిపించింది. పట్టుబడితే హైదరాబాదీ గీత వెనకే ఆగుతాడన్నమాట. రోడ్డుపక్క పార్కింగ్‌కు గంటకింత అని వసూలు చేసి, ఆ డబ్బును అదే వీధి ఫుట్‌పాత్‌కు ఖర్చుపెట్టాలి. అమెరికాలో డొనాల్డ్ షూప్ అనే ఆచార్యుడు జీవితమంతా చెప్పింది ఇదే. వసూలైన డబ్బు కళ్ళెదుటే కనిపిస్తే వీధివాళ్ళు రుసుమును మోయగలుగుతారు. సైకిల్ సంగతికొస్తే, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల ట్రాక్ వేశారు. చూడముచ్చటగా ఉంది. దానిమీద తొక్కేవాళ్ళలో చాలామంది సైకిల్‌ను కారులో పెట్టుకుని అక్కడిదాకా వస్తారు. పాల ప్యాకెట్లు వేసే కుర్రాడూ, అపార్ట్‌మెంటు వాచ్‌మనూ సైకిల్ తొక్కే బస్తీల్లో ఒక్క కిలోమీటరు బాట ఉన్నా దానికన్నా ఎక్కువ పనికొచ్చేది.

కార్లు లేకపోతే జనం ఏం చేస్తారో ఈ నగరం ఒకసారి రుచి చూసింది కూడా. 2021 ఆగస్టు చివర ట్యాంక్‌బండ్‌ను ఆదివారం సాయంత్రాలు వాహనాలకు మూసేశారు. పిల్లలు నడిరోడ్డు మీద స్కేటింగ్ చేశారు, ముసలివాళ్ళు డివైడర్ మీద కూర్చుని మొక్కజొన్న పొత్తులు తిన్నారు. ట్రాఫిక్ ఆగిపోయి నగరం మునిగిపోలేదు. కొలంబియాలోని బొగోటా 1974 నుంచి ఆదివారాలు ఇదే పని చేస్తోంది. అక్కడ ఎన్రికె పెన్యలోసా మేయరుగా ఉన్నప్పుడు ఫుట్‌పాత్‌ల మీద కార్లు పెట్టకుండా దిమ్మెలు పాతిస్తే, అతన్ని పదవి నుంచి దించడానికి సంతకాలు సేకరించారు.

సంతకాలు సేకరించేవాళ్ళలో ముందుండేది ఎక్కడైనా దుకాణదారులే. పార్కింగ్ తీసేస్తే బేరం పోతుందని సుల్తాన్ బజార్‌లోనూ అంటారు, బెజవాడ బీసెంట్ రోడ్డులోనూ అంటారు, విశాఖ జగదాంబ జంక్షన్‌లోనూ అంటారు. వాళ్ళ భయాన్ని కొట్టిపారేయనక్కర్లేదు, లెక్క అడిగితే చాలు. దుకాణం ముందు ఆగి ఉన్న కార్లలో ఎన్ని కొనుగోలుదారులవి, ఎన్ని యజమానులవి, వాళ్ళ గుమాస్తాలవి? లోపలికొచ్చి బిల్లు కట్టినవాళ్ళలో ఎందరు బస్సులో వచ్చారు, ఎందరు నడిచి, ఎందరు బండి మీద, ఎందరు కారులో? ఎవరెంత కొన్నారు? ఒక కాలేజీ విద్యార్థులు నలుగురు చేతిలో అట్ట పట్టుకుని రెండు శనివారాలు గుమ్మం పక్కన నిలబడితే ఆ లెక్క తేలిపోతుంది. మొదటి బస్సు దారి ఎక్కడ గీయాలన్న చర్చకు కూర్చునే ముందు కార్పొరేషన్ దగ్గర ఉండాల్సిన మొదటి కాగితం అదే.